మోటుపల్లి అభయశాసనము

తుపానున భగ్నమై తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వరాజులు బలాత్కారముగా అపహరించుచుండగా, కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవునందు శిలాశాసనము నిలిపి, నియతమైన సుంకము తప్ప మఱేమియు గొనమని సముద్రవర్తకులకు అభయమొసగెను. దీనిని కేవలము దయాగుణమని పొగడుట పరిపాటి. నాకు మాత్రమిది లెక్క తెలిసిన రాజనీతిగా తోచుచున్నది. దోచిన ఓడ మరల రాదు గదా! చందనము, కర్పూరము, ముత్యములు, దంతము, మిరియములు మొదలగు సరుకులకు ఇంతింత సుంకమని ఆ ఱాతిమీదనే చెక్కించుటలో, సుంకరి ఇష్టానుసారమునకు తావీయని జాగరూకత కలదు. రేవులు రాజాభయము తొలగుటచే గాక ఇసుక మేటలచేతనే క్షీణించునని వాదించువారు తరువాతి కథ చూడవలెను. 1323లో కాకతీయుల రాజధాని ఓరుగల్లు కూలిన పిదప, 1358లో రెడ్డిరాజగు అనపోతారెడ్డి అచ్చటనే మఱల అభయశాసనము వేయింపవలసివచ్చెను. వచ్చి నిలుచు వర్తకులకు భూములిత్తుమనియు, వెడలదలచినవారిని నిర్బంధింపమనియు, సంతులేక మరణించినవారి సొత్తును గొనమనియు అందు వ్రాయించెను.