తుఫానుకి చందా సరే, లెక్క ఎవరిని అడగాలి?

మాది విశాఖపట్నం. 2014 అక్టోబరు 12 ఆదివారం హుద్‌హుద్ నేరుగా ఊరి మీదికే వచ్చినప్పుడు నేనిక్కడ అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్నాను. ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది, కైలాసగిరి బోడికొండయింది, కరెంటు లేక రోజుల తరబడి మంచినీళ్ళకీ పాలకీ క్యూలు. మన వాళ్ళు చాలా ఊళ్ళలో చందాలు పోగు చేశారు. స్టూడెంటుని కాబట్టి నా వంతు ఇరవై డాలర్లే!

నేను చెప్పబోయేది చందాల గురించి కాదు. ఆ ఆదివారం నాటికి విశాఖకి మేయరు లేరు, ఒక్క కార్పొరేటరూ లేరు. 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో ముగిసింది. మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో! గడువు తీరేలోగా ఎన్నికలు పెట్టాలని 74వ రాజ్యాంగ సవరణ చెప్తోంది. విలీనాలన్నారు, కోర్టు కేసులన్నారు, తొమ్మిదేళ్ళు గడిచాయి. ఈలోగా రాష్ట్రాన్ని కాంగ్రెస్, తెలుగుదేశం, వైకాపా మూడూ ఏలాయి కాబట్టి ఒక పార్టీని తిట్టి లాభం లేదు.

ఆ తొమ్మిదేళ్ళలో డబ్బు పనులు మాత్రం ఆగలేదు. హుద్‌హుద్ తర్వాత 2015లో రాష్ట్రం ప్రపంచ బ్యాంకు నుంచి 25 కోట్ల డాలర్ల అప్పు తెచ్చింది. విశాఖలో కరెంటు తీగలు భూమిలోకి వెళ్ళింది ఆ డబ్బుతోనే. 2018 డిసెంబరులో జీవీఎంసీ 10 శాతం వడ్డీకి 80 కోట్ల బాండ్లు అమ్మింది. 2020లో అద్దె విలువ బదులు ఆస్తి విలువ మీద ఇంటి పన్ను వేసే చట్టం వచ్చింది. పెంపు ఏడాదికి 15 శాతం మించదన్నారు. ఏటా 15 శాతం పెరిగితే ఐదేళ్ళలో పన్ను రెట్టింపవుతుంది, కాలిక్యులేటర్ తీసి చూసుకోండి. రిటైరైన మన తల్లిదండ్రుల పెన్షన్ ఆ లెక్కన పెరుగుతుందా?

అప్పు తప్పని నేననను. తీగలు భూమిలో వెయ్యడం మంచి పని. హుద్‌హుద్ తర్వాత అధికారులు పగలూ రాత్రీ పనిచేశారు, ఒప్పుకోవాల్సిందే. కానీ కమిషనరు బదిలీ మీద వెళ్ళిపోతారు, బాకీ ఊరికి మిగులుతుంది. చెట్లు తొలగించిన కాంట్రాక్టుకి ఎంతైంది, కాలవల పూడిక తీతకి ఎంతైంది అని వీధిలో మనిషి నిలదీయాలంటే ఎదురుగా ఓటడిగిన కార్పొరేటరు ఉండాలి. 2025 అక్టోబరు మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది, అయినా విశాఖని వానలు ముంచెత్తాయి. బంగాళాఖాతం మన ఎన్నికల కోసం ఆగదు కదా!

2021 కౌన్సిల్‌కి ఐదేళ్ళంటే 2026 మార్చి. మళ్ళీ తొమ్మిదేళ్ళ ఖాళీ వస్తే ఊరుకోకూడదు. నగర బడ్జెట్‌లో తుఫాను ఖర్చు, తుఫాను అప్పు విడిగా చూపించాలని కూడా పట్టుబట్టాలి. ఇక్కడ మా టౌన్‌లో మంచు తీసే ఖర్చుకి బడ్జెట్‌లో ఒక వరస ఉంటుంది, ఎవరైనా మీటింగుకి వెళ్ళి అడగొచ్చు.

డిసెంబరు సెలవులకి వెళ్ళేవాళ్ళకి ఒక మనవి. గ్రీన్ కార్డు ఉన్నా మీరు భారత పౌరులే, సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. మీ వార్డులో గత తుఫానుకి అయిన ఖర్చు, బిల్లు తీసుకున్న కాంట్రాక్టరు పేరు అడగండి. ఫీజు పది రూపాయలు.