దీపాల పెట్టె

మా బావగారి ముందుగదిలో ఈమధ్య ఒక పెట్టె వెలిసింది. మూతలేని పెట్టె. పైన గాజుబుడ్లు వరసగా నిలబడి వుంటాయి. మీట నొక్కగానే పాడే రకం కాదది. ముందు బుడ్ల కడుపులో ఎర్రటి వెలుగు పుడుతుంది. అర నిమిషం ఆగితేగాని గొంతు విప్పదు. వేసంకాలంలో ఆ గదిలో కూర్చుంటే పాటతోపాటు చెమటకూడా ధారాళంగా వస్తుంది. “పాట అయ్యాక దానిమీద అప్పడాలు కాల్చుకోవచ్చు” అంటుంది మా అక్కయ్య. ఖరీదెంతో ఆవిడకు సరిగా చెప్పలేదు. నాకు చెప్పారు. నేను మీకు చెప్పను.

దీన్నే వాల్వు యాంప్లిఫయరు అంటారు. నేను తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి. కరెంటు సంగతులన్నీ బావగారి దగ్గర నేర్చుకున్నవే. నాకు అర్థమైన భాషలో మీకు మనవి చేస్తాను. గాలి తీసేసిన బుడ్డిలో ఒక లోహం కాగుతుంది. కాగిన లోహంనుంచి ఎలక్ట్రానులు లేచి ఎదుటి రేకువైపు పరుగెడతాయి. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగు చేసిన బుడ్డిలో వున్నవి ఈ రెండే. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్టు ఈ రెంటి మధ్యా మూడోదాన్ని, ఒక తీగెను, అడ్డం పెట్టాడు. అది కాలవమీద లాకు తలుపులాంటిది. తలుపును కాస్త కదిపితే కాలవనిండా నీళ్లు పెరుగుతాయి, తగ్గుతాయి. అలాగే మైకులోంచి వచ్చే బక్కపలచని కరెంటు ఆ తీగెను కదుపుతుంది. పెద్ద కరెంటు దాని వెంట నడుస్తుంది. ఆ పెద్ద కరెంటు ఒక ట్రాన్స్‌ఫారంలోంచి దిగి స్పీకరును ఆడిస్తుంది. సినిమాహాలు మోగినా, వీధి చివర లౌడుస్పీకరు అరిచినా చాలాకాలంపాటు ఈ బుడ్ల చలవే.

1947లో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టింది. వేడి లేదు, గాజు లేదు, గోరంత వస్తువు. క్రమంగా బుడ్లు ఇళ్లలోంచి అటకలమీదికీ, అటకలమీదినుంచి పాతసామాన్ల కొట్లకూ పోయాయి.

“మరి ఇప్పుడు ఇవెందుకండీ?” అని అడిగాను.

“తేనె, ఓయ్, తేనె! విని చెప్పు” అన్నారు బావగారు.

ఆ తేనె ఏమిటో కూడా ఆయనే చెప్పారు. మనిషి నిజాయితీపరుడు. ఆయన పెట్టెలో ఒక్కొక్క స్పీకరును చివర తోసేది ఒక్కొక్క వాల్వే. అటువంటి పెట్టెలోకి ఒక స్వరం పోతే, బయటికి దానితోపాటు రెట్టింపు కంపనాలున్న స్వరం కొంచెం కలిసి వస్తుంది. సంగీతం తెలిసిన ఇల్లాండ్రకు వేరే చెప్పనక్కరలేదు. షడ్జానికి రెట్టింపు పైషడ్జమే గదా. శ్రుతిలోనే వుంది గనక చెవికి తప్పు అనిపించదు, నిండుగా వుందనిపిస్తుంది. మోయలేని బరువు వేసినా సాధారణంగా వాల్వు ధ్వనిని ట్రాన్సిస్టరులాగా ఒక్కవేటున నరికెయ్యదు, మెల్లగా వంచుతుంది. అంటే ఆ తీపి పాటలో వున్నది కాదు, పెట్టె కలిపింది. మా క్లాసులో అయితే ట్రాన్సిస్టరుది స్వభావోక్తి, బావగారి పెట్టెది అతిశయోక్తి అని రాయిస్తాను.

వాల్వులన్నీ ఇలాగే అలంకారప్రియులనుకోకండి. 1947లోనే ఇంగ్లండులో విలియమ్సన్ అనే ఆయన ఒక పత్రికలో ప్రకటించిన వాల్వు యాంప్లిఫయరు 15 వాట్ల దగ్గర నూటికి 0.1 పాలుకంటే తక్కువ కల్తీతో పనిచేసింది. నిజం చెప్పడం వాల్వుకూ చేతనవును. మా బావగారికే అతిశయోక్తి ఇష్టం.

సరే, పరీక్ష మొదలైంది. ముందు 1957 నాటి ‘మాయాబజార్’లో ఘంటసాల, పి. లీల కలిసి పాడిన వెన్నెల పడవ పాట వేశారు. గొంతులు ఎదుట కుర్చీల్లో వచ్చి కూర్చున్నట్టున్నాయి. మా అమ్మ పమిట చెంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. నేను ఓడిపోయానని ఒప్పుకున్నాను. బావగారు అప్పుడు అసలు వస్తువు తీశారు.

అది మా అమ్మమ్మ స్పూలు టేపు. 1974లో మా పెద్దమామయ్య ఎవరిదో టేపురికార్డరు అడిగి తెచ్చి ఆవిడ పాటలు పట్టాడు. అందులో ఒక మంగళహారతి వుంది. అమ్మమ్మకు వాళ్ల అమ్మ నేర్పింది. మేము చూసిన ఏ పుస్తకంలోనూ లేదు. మూడు చరణాల్లో రెండే మా అమ్మకు గుర్తు. మూడోది తెలిసిన మనిషి మా వంశంలో ఇప్పుడెవరూ లేరు. “అల్లుడుగారూ, మీ పెట్టెలో అయినా వినిపిస్తుందేమో చూడండి” అని అడిగింది అమ్మ. ఆ పెట్టె అంత ఖరీదు పెట్టి కొనడానికి కారణాల్లో ఇదీ ఒకటని బావగారు అక్కయ్యకు చెప్పుకున్నారట.

ఆయన శ్రద్ధకు లోటు లేదు. అద్దెకు తెచ్చిన యంత్రం తలకాయ శుభ్రం చేశారు. టేపును చదివే ఆ తలకాయ రవ్వంత వాలి వున్నా సన్నని ధ్వనులు మాయమవుతాయట. చెవి రిక్కించి వింటూ చిన్న స్క్రూ తిప్పి సరిచేశారు. టేపు తిరిగింది.

ముందుగా వినిపించింది ఫ్యాను. దివ్యంగా వినిపించింది. ఏ రెక్క వంగిందో చెప్పవచ్చు. తరవాత వీధిలో సైకిలు గంట. ఆ తరవాత చెవిలో చెప్పినట్టుగా ఒక ఆడపిల్ల గొంతు: “అమ్మా, పాడవే.” మా అమ్మ ఉలిక్కిపడింది. అది ఆవిడ గొంతే. అప్పటికి ఇరవయ్యొకటో ఏడు. మైకు పట్టుకు కూర్చున్నది తనే. అమ్మమ్మ మాత్రం యంత్రం ముందు పాడనని సిగ్గుపడి, 8 అడుగుల అవతల దేవుడిగది గడపమీద కూర్చుందట. రెండు చరణాలు ఎలాగో ఆనాయి. మూడో చరణానికి ఆవిడ గొంతు తగ్గింది, ఫ్యాను తగ్గలేదు. నాలుగుసార్లు వేశారు. పెట్టె ఫ్యానుకు కూడా తేనె పూసి ఇచ్చిందిగాని అక్షరం దొరకలేదు.

ఇందులో పెట్టె తప్పు లేదు. మూల నుంచి నేరుగా వచ్చే ధ్వని ఒత్తిడి, దూరం రెట్టింపైతే సగమవుతుంది. జానెడు దూరంలో వుండవలసిన గొంతు 8 అడుగుల దూరాన వుంటే మైకుకు చేరేది పదోవంతు. ఫ్యాను హోరు, గోడల ప్రతిధ్వని మాత్రం అంతకంతే. తరవాత ఎంత పెంచినా రెండూ కలిసే పెరుగుతాయి. కంప్యూటరుతో హోరు తగ్గించవచ్చని మా అబ్బాయి ప్రయత్నించాడు. హోరు తగ్గింది. దానితోపాటు స, శ, ష అన్నీ ఒకటై, వున్న రెండు చరణాలూ పళ్లూడినట్టయ్యాయి.

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను రికార్డు ఇచ్చినప్పుడు మైకు లేదు, యాంప్లిఫయరు లేదు. ఒక బాకా వుంది. గాయకులు దానిలోకి ముఖంపెట్టి గట్టిగా పాడవలసిందే. కరెంటుతో రికార్డులు చెయ్యడం వ్యాపారానికి వచ్చింది 1925లో. బాకాలో పాడిన ఆవిడ పేరు ఈనాటికీ వినిపిస్తుంది. ఆవిడ దగ్గరగా పాడింది మరి.

ఆ సాయంత్రమే అమ్మను కూర్చోబెట్టాం. “నా గొంతేమిట్రా, కీచుగొంతు” అంటూ ఆవిడ గడపవైపు జరిగింది. మేము జరగనివ్వలేదు. స్టూలుమీద మడతపెట్టిన తువ్వాలు, దానిమీద సెల్‌ఫోను, నోటికి జానెడు దూరంలో, ఊపిరి తగలకుండా కాస్త పక్కకు. పడగ్గదిలో అయితే పరుపులూ తెరలూ ప్రతిధ్వనిని మింగుతాయని అక్కడ పెట్టాం. ఫ్యాను కట్టేశాం. ఫ్రిజ్‌కూడా ఆపాం. బావగారు చప్పుడు లేకుండా విసనకర్ర వీచారు. అంత పెద్ద పెట్టె వున్న మనిషి ఆ పూట చేసిన పని అదే.

అమ్మ రెండు చరణాలు పాడింది. మూడోదానికి మాటలు రాలేదు. వరస మాత్రం వచ్చు. కళ్లు మూసుకుని ఆ చరణమంతా మాటలు లేకుండానే పాడింది. దాన్నీ పట్టాం. రెండు నకళ్లు తీసి రెండిళ్లలో దాచాం.

మీకు వాల్వుల పెట్టె కొనే సరదా వుంటే కొనుక్కోండి, నేను కాదనను. వెనక మూత మాత్రం తియ్యకండి. లోపల 300, 400 వోల్టులుంటాయి, మీట ఆపిన తరవాత కూడా కొంతసేపు కాటేస్తాయి. అయితే కొనేముందు ఒక ఆదివారం మీ ఇంట్లో పెద్దవారిని దగ్గరగా కూర్చోబెట్టి ఫ్యాను ఆపండి. పాట రాదంటారు. పాట కాకపోతే ఆవకాయ కొలతలైనా చెప్పించండి. ఫ్యాను ఆపారేమని విసుక్కుంటే, ఆ విసుగు కూడా పట్టండి.