ట్యాబ్ కొనే ముందు ఒక లెక్క వేసి చూడండి

శ్రీహరికోటలో రాకెట్ ఎగిరిన ప్రతిసారీ సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపు కుర్రాళ్ల నోట ఒకటే మాట: ‘ఎలాగైనా షార్‌లో చేరాలి’. మంచి కోరికే. దాని వెనకాలే ఈమధ్య ఇంకో కోరిక బయల్దేరింది. గేట్ ప్రిపరేషన్‌కి ట్యాబ్, స్టైలస్ కావాలట. ఆన్‌లైన్ క్లాసుల్లో సార్లు నల్లటి తెర మీద రంగుల పెన్నుతో ఇంటిగ్రేషన్ చేస్తుంటే అలా అనిపించడం సహజం. కానీ ఆ డబ్బు ఇంట్లో ఎవరి కష్టమో మీకూ తెలుసు. అందుకే ఈ మాటలు.

ముందు పెన్ను సంగతి. వందల్లో దొరికే రబ్బరు మొన స్టైలస్ లెక్కలకు పనికిరాదు. తెరకు అది పెన్నో వేలో తెలియదు, అరచెయ్యి ఆనిస్తే అక్కడా గీత పడుతుంది. కావాల్సింది యాక్టివ్ స్టైలస్, అదీ మీ ట్యాబ్‌కు సరిపోయేది. యాపిల్ పెన్సిల్ శామ్‌సంగ్ మీద రాయదు, ఎస్ పెన్ ఐప్యాడ్ మీద రాయదు. ఐప్యాడ్‌లలో కూడా మోడల్‌ని బట్టి పెన్సిల్ మారుతుంది. పెన్ను పెట్టెలోనే వస్తుందా, విడిగా కొనాలా అని అడిగాకే ధర గురించి మాట్లాడండి.

‘4096 ప్రెషర్ లెవెల్స్’ అని షాపులో ఊదరగొడతారు. అది బొమ్మలు వేసేవాళ్లకు. యాపిల్ పెన్సిల్ యూఎస్‌బీ-సీ మోడల్‌కు అసలు ప్రెషరే లేదు, అయినా సమీకరణాలు రాసుకోవడానికి లోటేమీ ఉండదు.

అరచెయ్యి తెర మీద ఆనించి, డెమో పీస్‌లో రాకెట్ సమీకరణం రాసి చూడండి: లాగ్ పక్కన భిన్నం, అందులో ‘ఎం’ కింద చిన్న సున్నా. ఆ సున్నా చుక్కలా అలుక్కుపోతే ఆ ట్యాబ్ వద్దు. కింద శ్రీహరికోట లెక్క వేయండి. భూమధ్యరేఖ దగ్గర భూమి తిరిగే వేగం సెకనుకు 465 మీటర్లు. దాన్ని 13.7 డిగ్రీల కొసైన్‌తో గుణిస్తే సుమారు 450. తూర్పుకు వెళ్లే రాకెట్‌కు భూమి ఉచితంగా ఇచ్చే వేగం అది. (ధ్రువ కక్ష్య కోసం దక్షిణానికి వెళ్లే పీఎస్ఎల్‌వీకి ఈ లాభం దక్కదు. ఇంటర్వ్యూలో అడిగితే చెప్పొచ్చు.) చివరగా ఒక ఏటవాలు గీత నిదానంగా గీయండి. వంకరటింకరగా వస్తే లోపం మీ చేతిది కాకపోవచ్చు.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకైతే తెరలేని పెన్ ట్యాబ్లెట్ చాలు. యూఎస్‌బీకి తగిలించడమే, ట్యాబ్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. చెయ్యి బల్ల మీద, చూపు తెర మీద ఉంటుంది కాబట్టి అలవాటు కావడానికి కొన్ని రోజులు పడుతుంది. జర్నల్ ప్లస్‌ప్లస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాత ప్రశ్నపత్రం పీడీఎఫ్ తెరిచి దాని మీదే రాసుకోవచ్చు.

ఇక అసలు విషయం. గేట్‌లో మూడు గంటల్లో 65 ప్రశ్నలు. ప్రశ్న తెర మీద, కాలిక్యులేటర్ తెర మీద, రఫ్ వర్క్ మాత్రం వాళ్లిచ్చే స్క్రిబుల్ ప్యాడ్ మీద పెన్నుతో. అక్కడ అన్‌డూ ఉండదు, జూమ్ ఉండదు, చోటు చాలకపోతే లెక్కను వేలితో పక్కకు జరపడం కుదరదు. ఏడాదంతా ట్యాబ్‌లో చేసినవాడు పరీక్షలో కాగితం మీద లెక్కను ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తడబడతాడు. కాబట్టి నోట్సుకు, చేసిన తప్పులను ఒకచోట దాచుకోవడానికి ట్యాబ్ వాడండి. మాక్ టెస్టులన్నీ తెల్ల కాగితం మీదే.

ఈఎంఐలో కొనాలనుకునేవాళ్లకు మా సలహా: ఆగండి. గేట్ పాత ప్రశ్నపత్రాలు, ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఫోన్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. రీము కాగితాలతో చాలా దూరం వెళ్లొచ్చు. సెకండ్ హ్యాండ్ దొరికితే మాత్రం ఆ ఏటవాలు గీత తెర నాలుగు మూలలా గీసి చూసుకోండి, పెన్ను మొన అరిగిందేమో, కొత్తది విడిగా దొరుకుతుందేమో కూడా కనుక్కోండి.