స్కూటరు తాళం

2021 జూలై 11వ తేదీన బండ్ల శిరీష రోదసి అంచుదాకా వెళ్లి క్షేమంగా దిగిందని టీవీలో చూసి మా బ్రాడీపేటలో మేమంతా తెగ పొంగిపోయాం. "మన గుంటూరు పిల్ల!" అని ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. నేనైతే మా అడ్డరోడ్డులో నాలుగిళ్లకు రవ్వలడ్లు కూడా పంచాను. ఆ పిల్ల చిన్నతనంలోనే అమెరికా వెళ్లి హ్యూస్టన్‌లో పెరిగిందన్న సంగతి ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు. వచ్చుంటే లడ్డు గొంతులో అడ్డుపడేది. ఇక్కడే, మన చేతుల మీదుగా పెరిగి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న వేసుకోవలసి వచ్చేది మరి!

ఆ ప్రశ్న నాకు చాలా ఆలస్యంగా వచ్చింది. తెచ్చిపెట్టింది మా అమ్మాయే.

ఇంటరు ఎంపీసీ పూర్తి చేసి "నేను పైలట్‌నవుతానమ్మా" అంది. ఉత్తరప్రదేశ్‌లో రాయబరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్ అనే చోట ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉరాన్ అకాడమీ అని కేంద్ర ప్రభుత్వం వారిది ఒక బడి ఉంది. 1985లో పెట్టారు. ఆ ప్రవేశపరీక్షకు కూర్చుంటానంది. ఖర్చు విని మా వారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత తేరుకుని, "సరే, ముందు పరీక్ష నెగ్గనీ. పరీక్షే కదా!" అన్నారు. నిజమే, పరీక్షలకు గుంటూరు ఎప్పుడు భయపడింది కనక! ఇక్కడ పిల్లలు నిద్రలో లేపి అడిగినా సూత్రాలు అప్పజెబుతారు.

రాతపరీక్షలో ఇంగ్లీషు, లెక్కలు, ఫిజిక్సు, రీజనింగు. వీటిని మా అమ్మాయి నిక్షేపంగా నమిలేసింది. చిక్కంతా దాని తర్వాతది. ఇంటర్వ్యూ చేస్తారు. ఆపైన పైలట్ ఆప్టిట్యూడ్ టెస్టట! అంటే నీకు ఏం తెలుసని కాదు, నీ చేతికీ కంటికీ బుర్రకీ ఏం చేతనవునని చూస్తారు. మన మిర్చి యార్డులో కొనేవాడు టిక్కీలో చెయ్యి పెట్టి కాయను తీసి చూస్తాడే గాని, టిక్కీ మీద ఏం రాసి ఉందో చదవడు కదా! ఇదీ అంతే. మార్కుల కాగితం పక్కన పెట్టి మనిషిని చూస్తారు. వైమానిక దళంవారైతే ఇలాంటి పరీక్షకు ఒక మనిషికి జీవితంలో ఒక్క అవకాశమే ఇస్తారు. వల్లె వేసి రావడానికి వీల్లేదన్నమాట.

మరి మనం ఊరుకుంటామా! దానికీ ఒక కోచింగ్ సెంటరు వెదికాం. వాళ్లు చక్కగా ఫీజు కట్టించుకుని లావుపాటి మెటీరియల్ ఇచ్చారు. తెల్లవారుజామున మా అమ్మాయి గొంతు వంటింట్లోకి వినపడేది – "పైలట్‌కు ఉండవలసిన పది లక్షణాలు. ఒకటి, సమయస్ఫూర్తి. రెండు, సొంతంగా నిర్ణయం తీసుకొనుట..." సమయస్ఫూర్తిని బట్టీ పట్టడం నేను అదే మొదలు వినడం!

పది రోజుల తర్వాత నమూనా పరీక్ష పెట్టారు. కంప్యూటరు తెర మీద ఒక చుక్క ఇటూ అటూ పారిపోతూ ఉంటుంది. చేతిలో కర్ర, కాళ్ల కింద పెడల్స్. ఆ రెంటితో చుక్కను గడిలోంచి బయటికి పోకుండా పట్టుకోవాలి. అదే సమయంలో చెవిలో అంకెలు చదువుతుంటారు, గుర్తుపెట్టుకోవాలి. మధ్యలో నోటిలెక్కలు. గంటకు 120 నాటికల్ మైళ్ల వేగంతో 45 నిమిషాలు పోతే ఎంత దూరం? తొంభై. 240 డిగ్రీల దిశలో పోతూ ఎడమకు తొంభై తిరిగితే ఎటు పోతున్నట్టు? 150. లెక్కలకు మా పిల్ల టక్కున జవాబు చెప్పింది. చుక్క మాత్రం గడిలో నిలవలేదు. నమూనా ఇంటర్వ్యూలో మరీ అన్యాయం. ఫోన్లో అవతలి పెద్దమనిషి అడిగిన ప్రశ్న ఒకటి గరగర శబ్దంలో వినపడలేదట. అయినా ఇది "యస్ సార్" అందట!

సెంటరు ఆయన నాకు ఫోన్ చేసి ఎంతో మెత్తగా చెప్పాడు. "ఏమీ అనుకోకండమ్మా, ఆడపిల్లలకు దిక్కుల జ్ఞానం, చేతి ఒడుపు పుట్టుకతోనే కాస్త తక్కువ. బ్యాంకు పరీక్షలకు పెట్టుకోండి."

పుట్టుకతోనే! ఆ మాట దగ్గర నాకు ఒళ్లు మండింది. 1936లో లాహోరులో సరళా థక్రాల్ అనే ఇరవై ఒక్కేళ్ల ఇల్లాలు చీర కట్టుకుని, ఇంట్లో నాలుగేళ్ల కూతురు ఉండగా, ఒంటరిగా విమానం నడిపింది. 1947లో పైలట్ లైసెన్సు తీసుకున్న ప్రేమ్ మాథుర్‌ను కంపెనీలు వరసగా కాదు పొమ్మంటే ఉద్యోగం ఇచ్చింది మన హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్. 1985లో సౌదామినీ దేశ్‌ముఖ్ కెప్టెన్‌గా, అందరూ ఆడవాళ్లే సిబ్బందిగా, కలకత్తా నుంచి సిల్చారుకు విమానం వెళ్లింది. ఈనాడు ప్రపంచం మొత్తం మీద విమానం నడిపేవాళ్లలో ఆడవాళ్లు నూటికి ఐదారుగురైతే, మన దేశంలో అంతకు రెట్టింపు పైమాటే. పుట్టుకలోనే లోపం ఉంటే ఈ లెక్క ఎలా కుదిరిందో ఆ పెద్దమనిషే చెప్పాలి.

అయితే ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మా అమ్మాయి చేతిలో ఒడుపు లేని మాట నిజం. లోపం పుట్టుకలో లేదు, పెంపకంలో ఉంది. పెంచిందెవరు? నేను. అంచేత ఈ కోపం ఆయన మీద సగం, నా మీద సగం.

మొదట దిక్కుల సంగతి తీసుకోండి. బ్రాడీపేటంత తేలికైన పేట ఎక్కడుంది చెప్పండి? నిలువుగా లైన్లు, అడ్డంగా అడ్డరోడ్లు. 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. చదరంగం బల్లలా గీసి ఇచ్చారు. అలాంటి చోట పద్దెనిమిదేళ్లు పెరిగిన పిల్లను "మన గుమ్మం ఎటువైపే?" అంటే తెల్లమొహం వేసింది. పాపం, దానికెలా తెలుస్తుంది? బడికి ఆటోలో, ట్యూషనుకు నాన్న స్కూటరు వెనక, గుడికి నా పక్కన. వెనక కూర్చున్నవాళ్లకు దారితో పనేమిటి? వీపు చూస్తూ పోవడమే.

రెండోది చేయీ కాలూ కలిసి పనిచేసే సంగతి. మా పెద్దవాడు ఇంకా లైసెన్సు రాని వయసులోనే స్కూటరు తీసుకుని శంకర్‌విలాస్ సెంటరు దాకా పోయి వస్తే "మగపిల్లాడు, చురుకు" అని మురిసిపోయాం. అది తప్పని ఈనాడు తెలుస్తోంది, అప్పుడు తెలియలేదు. వాడు గోడకు గుద్ది హెడ్‌లైటు పగలగొడితే "నేర్చుకునేవాడికి తప్పదు" అన్నాం. పిల్లకు పద్దెనిమిది నిండాక కూడా తాళం అడిగితే "పడితే మొహం మీద మచ్చ పడుతుంది" అన్నాను. అన్నది వాళ్ల నాన్న కాదు సుమండీ, నేనే! ఫ్యూజు పోతే అన్న, గ్యాసు రెగ్యులేటరు మార్చాలంటే అన్న, సైకిలు చైను ఊడితే అన్న. దీనికి మాత్రం మెటీరియల్!

ఇక్కడ కొందరు మనల్ని బుజ్జగించడానికి ఒక పొగడ్త పెడతారు. "ఒక పొయ్యి మీద పాలు, ఒక పొయ్యి మీద పోపు, కుక్కరు విజిళ్లు లెక్కపెడుతూ, వాకిట్లో పాలవాడికి జవాబు చెబుతూ – ఆడవాళ్లు అష్టావధానులండీ!" అని. వినడానికి బాగానే ఉంటుంది. కాని ఆ అవధానానికి మెచ్చి మనకు ఎవరైనా స్కూటరు తాళం ఇచ్చారా? పొగడ్త మనకు, తాళం వాళ్లకు. ఈ బేరం ఇక చాలు.

మూడోది అన్నిటికన్నా పెద్దది. "యస్ సార్" సంగతి.

విమానం నడిపేవాళ్లకు రేడియోలో మాట వినపడకపోతే "సే అగైన్" అనాలట, మళ్లీ చెప్పండని. అర్థం కానిదానికి తలూపడమే అక్కడ పెద్ద నేరం. పైవాడు పొరపాటు చేస్తుంటే పక్కనున్నవాడు నోరు విప్పాలి. 1977 మార్చి 27న టెనెరిఫ్ దీవిలో రెండు జంబో విమానాలు రన్‌వే మీదే ఢీకొని 583 మంది పోయారు. ఎదుటి విమానం ఇంకా దారిలోనే ఉందేమోనని ఇంజనీరు అనుమానపడి అడిగాడు, కెప్టెన్ కొట్టిపారేశాడు. అంత దూరమెందుకు, 2010 మే 22న మంగుళూరులో 158 మంది పోయిన ప్రమాదంలో, దిగొద్దు మళ్లీ పైకి లేపమని కో-పైలట్ మూడుసార్లు చెప్పినా కెప్టెన్ వినలేదని విచారణలో తేలింది. ఇలాంటివి చూశాకే, చిన్నవాడు పెద్దవాడికి ధైర్యంగా అడ్డు చెప్పడం, పెద్దవాడు చెవి ఒగ్గి వినడం పైలట్లకు పాఠంగా నేర్పుతున్నారు.

మనం నేర్పిందేమిటి? "ఎదురు చెప్పకు." "పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో నోరేమిటి?" "అర్థం కాకపోయినా సరేనను, తర్వాత నేను చెబుతాలే." పద్దెనిమిదేళ్లు ఇది శ్రద్ధగా నూరిపోసి, తీరా ఇంటర్వ్యూకి నెల రోజులుందనగా "సొంతంగా నిర్ణయం తీసుకొనుట" అని కాగితం మీద రాసిస్తే వస్తుందా? పిల్ల "యస్ సార్" అన్నదంటే పరీక్షలో తప్పింది గాని, నా పెంపకంలో మాత్రం నూటికి నూరు మార్కులు తెచ్చుకుంది!

ఈ మాటే మా వీధిలో అంటే పక్కింటి పిన్నిగారు బుగ్గ నొక్కుకున్నారు. "బావుందమ్మా, స్కూటరు నడిపిన పిల్లలంతా పైలట్లవుతారా?" అవరు. లెక్కలు రావాలి, కంటిచూపు సరిపోవాలి, డాక్టర్లు సరేననాలి, డబ్బు కావాలి. చూపు విషయంలో నాసావారి షరతులకు సరిపోకే శిరీష పైలట్ దారి వదులుకుని ఇంజనీరై మరో దారిన పైకి వెళ్లింది. కాని స్కూటరు నడపని పిల్లకు, దారి అడగని పిల్లకు, కాదనడం రాని పిల్లకు "పుట్టుకతోనే తక్కువ" అనే బిరుదు తగిలిస్తే ఊరుకోనంటున్నాను.

"రోజులు బాగాలేవు గదే" అన్నారు మళ్లీ ఆవిడే. నిజమే. మరి ఆ బాగాలేని రోజుల్లోనే రాత్రి తొమ్మిదింటి దాకా కోచింగులో కూర్చోబెట్టి, ముక్కూ మొహం తెలియని ఆటోలో ఇంటికి రప్పించుకుంటున్నాం. ర్యాంకు కోసమైతే రోజులు మంచివీ, తాళం కోసమైతే చెడ్డవీనా?

సెంటరు మానిపించేశాను. కట్టిన డబ్బు తిరిగి రాలేదు, అది వేరే కథ. ఎల్లెల్లార్ తీయించి తాళం దాని చేతికిచ్చాను. మొదటి వారంలోనే ఎడంవైపు అద్దం విరిగింది. "నేర్చుకునేవాళ్లకు తప్పదు" అనడానికి నాకు ఎంత కష్టమైందో ఆ పరమేశ్వరుడికి తెలుసు.

మొన్న సాయంత్రం నన్ను వెనక కూర్చోబెట్టుకుని కూరలకు తీసుకెళ్లింది. తిరిగి వస్తుంటే అలవాటుగా భుజం తట్టి, "ఇటు తిప్పు, మన రోడ్డు ఇదే" అన్నాను.

"కాదమ్మా, ఇది ఆరు. మనది తర్వాతది" అంది, స్కూటరు ఆపకుండా, తల తిప్పకుండా.

నోటిదాకా వచ్చింది, "ఎదురు చెప్పకు" అని. మింగేశాను. చూస్తే అది ఆరే!

పరీక్ష ఇంకా కాలేదు. నెగ్గుతుందో లేదో నాకు తెలియదు. నెగ్గకపోతే ఆ చుక్క గడిలో నిలవలేదనే అనుకుంటాం గాని, ఆడపిల్ల కాబట్టి అని అనుకోం. మా సంగతి సరే, మీ ఇంట్లో స్కూటరు తాళం ఏ మేకుకు వేలాడుతోందండీ? మీ అమ్మాయి చెయ్యి దానికి అందుతుందా?