దారి చూపే యంత్రం, జాడ చెప్పే యంత్రం

నలభై దాటాక కారు నడపటం నేర్చుకున్నాను. ఆ తర్వాత కొనుక్కున్న పాత కారులో, స్టీరింగుకి ఎడమపక్కన, అరచేయంత తెర ఒకటి ఉంది. బండి కదిలే ముందు వేలితో తాకి వెళ్ళాల్సిన చోటు చెబితే దారి గీసి చూపిస్తుంది. ప్రతి మలుపుకీ ముందు ఇంగ్లీషులో ఒక ఆడగొంతు హెచ్చరిస్తుంది. పాత తరహా పరికరం. సిమ్ కార్డు లేదు, ఇంటర్నెట్ లేదు. చేతిలో ఫోన్ ఉండగా ఇంకా దీన్నెందుకు పట్టుకు వేలాడతావని స్నేహితులు నవ్వుతారు. ఎందుకో చెప్పటానికే ఈ వ్యాసం.

మొదటిసారి ఒంటరిగా దూరప్రయాణం చేసింది నల్గొండ జిల్లాలో ఒక మహిళా సంఘం సమావేశానికి. చీకటి పడుతుండగా రోడ్డు రెండుగా చీలింది. బోర్డు లేదు. పక్కన టీ కొట్టు, నలుగురు మగవాళ్ళు. అంతకుముందు బస్సుల్లో, ఆటోల్లో తిరిగిన రోజుల్లో ఇలాంటి చోట ఎన్నిసార్లు ఆగి అడిగానో లెక్కలేదు. "అన్నా, ఈ ఊరికి దారెటు?" అని అడిగితే దారికన్నా ముందు ప్రశ్నలొచ్చేవి. "ఒక్కదానివే పోతున్నవా? ఎవరింటికి? ఏం పని?" అందరూ చెడ్డవాళ్ళని కాదు. కానీ దారి తెలియదని ఒప్పుకోగానే ఆడది తన ఒంటరితనాన్ని కూడా ప్రకటించినట్టవుతుంది. ఆ రోజు నేను ఆగలేదు. తెరమీద గీత కుడివైపు తిరిగింది, నేనూ తిరిగాను. అంతే. మగవాళ్ళకి ఇది చెప్పుకోదగ్గ సంగతే కాదు. నాకు మాత్రం గుర్తుండిపోయింది.

దారి తప్పటం కూడా అందరికీ ఒకటి కాదు. మగవాడు దారి తప్పితే ఇంటికొచ్చి కథలా చెబుతాడు. ఆడది దారి తప్పి గంట ఆలస్యంగా వస్తే సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆడపిల్లకి దారులు తెలియకుండా పెంచి, పెద్దయ్యాక "ఆడవాళ్ళకి దిక్కులు తెలియవు" అని పరిహాసమాడటం మన ఇళ్ళల్లో మామూలే. తెలియకపోవటం స్వభావం కాదు, తిరగనివ్వకపోవటం వల్ల వచ్చిన ఫలితం.

ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవటం స్త్రీల ఉద్యమానికి అవసరమని నేననుకుంటాను. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు నిరంతరం సమయాన్నీ, తాము ఉన్న చోటునీ ప్రసారం చేస్తుంటాయి. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే, అవి చేరటానికి పట్టిన సమయాన్ని బట్టి మన పరికరం తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. ఇది అమెరికా సైన్యం తన అవసరాలకు కట్టుకున్న వ్యవస్థ. మొదటి ఉపగ్రహాన్ని 1978లో పంపారు. సామాన్యులకు అందే సంకేతంలో కావాలని కలిపిన లోపాన్ని 2000 మే నెలలో తొలగించాకే కార్లలో ఇవి నమ్మకంగా పనిచెయ్యటం మొదలైంది. దీనివెనక ఒక స్త్రీ శ్రమ కూడా ఉంది. గ్లాడిస్ వెస్ట్ అనే నల్లజాతి గణిత శాస్త్రవేత్త, వర్జీనియాలో పొలం పనులు చేసుకునే కుటుంబంలో 1930లో పుట్టి, 1956లో డాల్‌గ్రెన్‌లోని నౌకాదళ పరిశోధన కేంద్రంలో చేరింది. భూమి ఖచ్చితమైన ఆకారాన్ని లెక్కగట్టే పనిలో ఏళ్ళ తరబడి కృషి చేసింది. ఆ లెక్క లేకపోతే ఉపగ్రహం చెప్పే చోటుకి అర్థం లేదు. ఆమెకు చెప్పుకోదగ్గ అధికారిక గుర్తింపు 2018లో గానీ రాలేదు.

ఇందులో మనకి ముఖ్యమైన విషయం ఒకటుంది. నా కారులోని పరికరం వింటుంది. తిరిగి మాట్లాడదు. నేనెక్కడున్నానో నాకు చెబుతుంది, ఇంకెవరికీ చెప్పదు. ఉపగ్రహాలకి నా సంగతే తెలియదు. జాడ బయటికి పోవాలంటే దానికి సిమ్ కార్డో, ఇంటర్నెట్టో తోడవ్వాలి. అంటే దారి చూపే యంత్రం వేరు, జాడ చెప్పే యంత్రం వేరు. ఈ రెంటినీ ఒకే పెట్టెలో పెట్టి, ఒకే పేరుతో, "భద్రత" అనే ముద్ర వేసి మనకి అందిస్తున్నారు. నా అభ్యంతరం అక్కడే.

1888లో జర్మనీలో బెర్తా బెంజ్ తన భర్త తయారుచేసిన మోటారు బండిని, ఆయనకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా నూరు కిలోమీటర్లకు పైగా నడిపింది. దారిలో మందుల షాపులో ఇంధనం కొంది. గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో శుభ్రం చేసింది. కారు చరిత్రలో మొదటి దూరప్రయాణంగా చెప్పుకునేది ఇదే. ఆ ప్రయాణంలో నాకు విలువైనదిగా తోచేది యంత్రం కాదు, "చెప్పకుండా" అన్నమాట. ఇవాళయితే ఆమె ఊరు దాటకముందే భర్త ఫోను మోగేది.

ఇది అతిశయోక్తి కాదు. 2012లో సౌదీ అరేబియాలో స్త్రీలు దేశ సరిహద్దు దాటగానే వారి "సంరక్షకుడి" ఫోనుకి సందేశం వెళ్ళే ఏర్పాటు ఉన్నట్టు ప్రపంచానికి తెలిసింది. స్త్రీలు కారు నడపకూడదన్న నిషేధం అక్కడ 2018 జూన్‌లో గానీ తొలగలేదు. తొలగటానికి కొద్ది వారాల ముందే, ఆ హక్కు కోసం పోరాడిన లుజైన్ అల్ హద్‌లూల్ వంటి స్త్రీలను జైల్లో పెట్టారు. స్టీరింగు చేతికిచ్చినా, ఇచ్చింది మేమేనని గుర్తుంచుకోమనటం అది.

దూరదేశాల మాట వదిలేద్దాం. నేను పరిశోధన పనిమీద తరచు వెళ్ళే ఒక కౌన్సెలింగ్ కేంద్రానికి ఒక టీచరు వచ్చింది. ఆమె పుట్టింటికి వెళ్ళినా, స్నేహితురాలింటికి వెళ్ళినా భర్తకి తెలిసిపోయేది. ఎవరు చెబుతున్నారో అర్థంకాక అందర్నీ అనుమానించి, ఒక్కొక్కరికీ దూరమైంది. చివరికి స్కూటరు సర్వీసింగులో మెకానిక్ సీటు కింద బ్యాటరీకి కలిపి ఉన్న చిన్న డబ్బీ చూపించాడు. భర్తని నిలదీస్తే, "రోజులు బాగాలేవు కదా, నీ మంచికే" అన్నాడు. తల్లికి చెప్పుకుంటే, "అంత పట్టించుకునే మొగుడు ఎంతమందికి దొరుకుతాడే" అంది. ఆమె కేంద్రానికి వచ్చింది ఆ స్కూటరు మీద కాదు. దాన్ని బడిలోనే వదిలేసి, ఆర్టీసీ బస్సెక్కి, జీరో టికెట్టుతో వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి స్త్రీలకు ఇచ్చిన ఉచిత బస్సు ప్రయాణం గురించి ఖర్చు లెక్కలు చెప్పేవాళ్ళు ఈ సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి. భర్తని డబ్బడగకుండా, సంజాయిషీ ఇవ్వకుండా కదలగలగటం ఒక హక్కు. కారు కొనగలిగిన నాలాంటివాళ్ళు కొద్దిమందే. మిగతా స్త్రీలకి దారి అంటే బస్సే.

అయితే భద్రత అక్కర్లేదా అని అడుగుతారు. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన దారుణం తర్వాత ప్రజారవాణా వాహనాల్లో జాడ తెలిపే పరికరాలూ, అత్యవసర మీటలూ ఉండాలన్న నిబంధనలు వచ్చాయి. 2019 జనవరి నుంచి కొత్తగా రిజిస్టరయ్యే బస్సులకీ, టాక్సీలకీ అవి తప్పనిసరి అయ్యాయి. దాన్ని నేను సమర్థిస్తాను. బస్సు ఎక్కడుందో ప్రజలకి తెలియాలి. స్త్రీ ఎక్కడుందో ఆమె చెబితేనే తెలియాలి. బస్సు జవాబుదారీగా ఉండాల్సిన ప్రజల ఆస్తి. స్త్రీ ఎవరి ఆస్తీ కాదు.

2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో యువ పశువైద్యురాలిపై జరిగిన ఘోరం తర్వాత ఆడపిల్లలందరికీ వచ్చిన సలహా ఒక్కటే: ఎక్కడున్నారో ఇంట్లోవాళ్ళకి తెలిసేలా ఫోనులో పెట్టుకోండి. ఆమె ఆ రాత్రి చెల్లెలికి ఫోన్ చేసి, పరిస్థితి చెప్పి, భయంగా ఉందని కూడా చెప్పింది. ఫిర్యాదు నమోదులో జాప్యం చేసినందుకు పోలీసు సిబ్బంది ముగ్గురు సస్పెండయ్యారు. లోపించింది ఆమె జాడ తెలియటం కాదు, తెలిసినా కదలాల్సిన వ్యవస్థ కదలకపోవటం. వీధి దీపాలు, రాత్రి బస్సులు, ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవటం ప్రభుత్వం పనులు. వాటి స్థానంలో స్త్రీల మెడలో గంట కట్టటాన్ని భద్రత అనలేం.

నేనూ రాత్రి ప్రయాణాల్లో ఒక స్నేహితురాలికి నా జాడ తెలిసేలా ఫోనులో పెడతాను. అది నిఘా కాదు. ఎందుకంటే మొదలుపెట్టింది నేను, ఎవరికి తెలియాలో ఎంచుకుంది నేను, కారణం చెప్పకుండా ఆపెయ్యగలిగేదీ నేనే. ఈ మూడూ ఉంటే అది తోడు. ఒక్కటి లోపించినా అది కాపలా.

చట్టం ఇక్కడ మనకి కొంత ఊతమిస్తుంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో తేల్చింది. 2024 జూలైలో ఫ్రాంక్ వైటస్ కేసులో ఇంకో మాట చెప్పింది: బెయిలుపై విడుదలయ్యే నిందితుణ్ణి గూగుల్ మ్యాప్‌లో తన చోటు పోలీసులకి తెలిసేలా పెట్టమని షరతు విధించటం చెల్లదు, అలా నిరంతరం కదలికల్ని కనిపెట్టటం రాజ్యాంగం 21వ అధికరణకు విరుద్ధం. ఆలోచించండి. నిందితుడి మీద కోర్టు కూడా పెట్టకూడని షరతు, ఏ నేరమూ చెయ్యని భార్య మీద భర్త పెడితే ప్రేమ ఎలా అవుతుంది?

అయినా ఖాళీలున్నాయి. వెంటపడి వేధించటాన్ని 2013లో నేరం చేశారు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను. స్త్రీని వెంబడించటం, ఆమె ఇంటర్నెట్, ఈమెయిల్, ఎలక్ట్రానిక్ సంభాషణల్ని కనిపెట్టటం అందులో ఉన్నాయి. స్కూటరు సీటు కింద డబ్బీ పెట్టటం ఆ మాటల్లో సూటిగా ఇమడదు. దాన్ని స్పష్టంగా చేర్చమని మనం అడగాలి. అప్పటిదాకా 2005 గృహహింస చట్టంలోని మానసిక హింస నిర్వచనం కింద వాదించి, 18వ సెక్షను ప్రకారం రక్షణ ఉత్తర్వులో "జాడ కనిపెట్టే పరికరాలు వాడరాదు" అన్న షరతు కోరవచ్చు.

కౌన్సెలింగ్ చేసేవాళ్ళు మొదటి సమావేశంలోనే అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఇక్కడికి ఏ బండి మీద వచ్చారు? ఫోను మొదట ఎవరు అమర్చి ఇచ్చారు? దాని రహస్య సంకేతం ఇంకెవరికి తెలుసు? కారులో దారి చూపే తెర ఉంటే, "ఇటీవల వెళ్ళిన చోట్లు" అన్న జాబితా అందులో ఉండిపోతుంది. లాయరు ఆఫీసూ, వసతి గృహం పేరూ అక్కడ కనిపించవచ్చు. అలాంటి చోట్లకి తెరలో పేరు కొట్టకుండా దగ్గర్లోని బస్టాండు పేరు కొట్టమని చెప్పండి. ఇంకో జాగ్రత్త: రహస్య పరికరం దొరగ్గానే పీకి పారేయమనకండి. హఠాత్తుగా జాడ ఆగిపోతే హింస పెరగవచ్చు. ముందు ఫోటో తీసి సాక్ష్యం ఉంచుకుని, ఆమె ఎక్కడ సురక్షితంగా ఉంటుందో తేల్చుకున్నాకే తియ్యాలి. 181 హెల్ప్‌లైనూ, సఖి కేంద్రాలూ ఇందులో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని ఒత్తిడి తేవాలి.

ఆ నల్గొండ ప్రయాణం సంగతి పూర్తి చెయ్యాలి. ఊరి మొదట్లో, పంచాయితీ ఆఫీసు ముందు, గమ్యం చేరారని ఆడగొంతు ప్రకటించింది. సంఘం వాళ్ళ గది అక్కడ లేదు. అది దళితవాడలో ఉంది. ఆ వాడ తెరమీద లేదు, దారి గీత అక్కడిదాకా పోలేదు. మేకల్ని తోలుకొస్తున్న పెద్దామెను అడిగాను. "యాపచెట్టు కాడ ఎడమచేతి దిక్కు మలుగు బిడ్డా. నీళ్ళ ట్యాంకు దాటినంక మా వాడనే" అంది. ఒక్కదానివే వచ్చావా అని అడగలేదు. ముందు నడుస్తూ మేకల్ని పక్కకి తోలి, నా కారుకి దారిచ్చింది.