పాత బండికి కాగితమే ప్రాణం

జావా, యెజ్డీ, బుల్లెట్ యజమానులకు రుసుము కన్నా జాప్యమే భారం
విడిభాగాలు దొరుకుతున్నా చేతిపని తెలిసినవారే కరవు

అనంతపురం: మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడింది. అయినా అక్కడ తయారైన జావా, యెజ్డీ మోటారుసైకిళ్లు రాయలసీమ రహదారులపై నేటికీ అడపాదడపా కనిపిస్తూనే ఉన్నాయి. మద్రాసు శివారు తిరువొత్తియూరులో రూపుదిద్దుకున్న పాత బుల్లెట్లు, ఉత్తరాది నుంచి వచ్చిన రాజ్‌దూత్‌లదీ ఇదే తీరు. వీటన్నింటి పుట్టుక ఐరోపాలో, పెంపకం మన దేశంలో. తండ్రి నడిపిన బండిని కొడుకు తుడిచి దాచుకుంటున్న ఇళ్లు జిల్లాలో తక్కువేమీ కావు. అయితే ఇటీవలి రెండు పరిణామాలు ఈ యజమానులను ఆలోచనలో పడేశాయి. 20 ఏళ్లు దాటిన వాహనాల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో పెంచడం ఒకటి. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు సర్వసాధారణం కావడం రెండోది. ఈ నేపథ్యంలో పాత బండిని ఉంచుకోవాలా, తుక్కుకు వేయాలా అన్న ప్రశ్న తలెత్తుతోంది. లెక్కలు వేసి చూస్తే భయపడాల్సిన చోటు ఒకటైతే, యజమానులు భయపడుతున్నది మరొకటని తేలుతుంది.

మూడు దేశాల ముచ్చట

జావా సంస్థను 1929లో చెకోస్లోవేకియాలో ఫ్రాంటిషెక్ యానెచెక్ స్థాపించారు. ఆయన పేరులోని మొదటి రెండు అక్షరాలు, ఆయన హక్కులు కొనుగోలు చేసిన జర్మనీ సంస్థ వాండరర్ పేరులోని మొదటి రెండు అక్షరాలు కలిసి ‘జావా’ అయింది. మైసూరు కర్మాగారాన్ని 1961లో నాటి మైసూరు రాష్ట్ర గవర్నరు జయచామరాజేంద్ర ఒడయారు ప్రారంభించారు. 1970వ దశకంలో ఇక్కడి బండ్లు యెజ్డీ పేరు సంతరించుకున్నాయి. ఇంగ్లండులోని రెడిచ్‌లో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ సైన్యం అవసరాల కోసం భారతదేశానికి వచ్చింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. రెడిచ్ కర్మాగారం 1967లో మూతపడినా మద్రాసులో ఉత్పత్తి ఆగలేదు. ఎస్కార్ట్స్ సంస్థ తయారు చేసిన రాజ్‌దూత్ 175కు మూలం పోలండుకు చెందిన ఎస్‌హెచ్‌ఎల్ ఎం11. పల్లెల్లో పాల క్యాన్లు మోసిన బండిగా దానికి పేరుంది.

అనంతపురం జిల్లావాసులకు బెంగళూరు దగ్గర, అక్కడినుంచి మైసూరు దగ్గర. విడిభాగాల కోసమైనా, ఇంజన్ మరమ్మతు కోసమైనా ఇటువైపు యజమానులు నేటికీ కన్నడ సీమ వైపు చూడటానికి ఈ సామీప్యమే ప్రధాన కారణం. ఏటా జులై రెండో ఆదివారం జరుపుకొనే జావా-యెజ్డీ దినోత్సవానికి బెంగళూరే పెద్ద వేదిక.

ఏది మేలు?

నలుగురు పాతబండ్ల అభిమానులు ఒకచోట చేరితే ఈ వాదన తప్పదు. జావా, యెజ్డీలది రెండు స్ట్రోకుల ఇంజన్. వాల్వులు, ట్యాపెట్లు ఉండవు. ఒకే సిలిండరుకు రెండు సిలెన్సర్లు ఉండటం వాటి ప్రత్యేకత. కిక్కు కొట్టే కడ్డీయే గేరు మార్చే కడ్డీ కూడా. ఇంజన్ విప్పడం, బిగించడం సులువు. పెట్రోలులో ఆయిల్ కలపడం మరచిపోతే మాత్రం పిస్టన్ పట్టేస్తుంది. సిలెన్సర్లలో పేరుకునే మసిని ఎప్పటికప్పుడు తీయకపోతే బండి ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతుంది.

బుల్లెట్‌ది నాలుగు స్ట్రోకుల ఇంజన్. పెట్రోలులో ఆయిల్ కలిపే పని లేదు. కానీ ట్యాపెట్ల సందు, పాయింట్ల అమరిక సరిగా ఉంటేనే ఒక్క కిక్కుకు పలుకుతుంది. లేకుంటే నడిపేవాడి కాలికి పరీక్షే. పాత బుల్లెట్లలో గేరు కుడివైపు, వెనుక బ్రేకు ఎడమవైపు ఉంటాయి. ఈ తరం బండ్లకు అలవాటుపడినవారు హఠాత్తుగా దాన్ని నడిపితే బ్రేకు అనుకుని గేరు తొక్కే ప్రమాదం ఉంది. రాజ్‌దూత్ వేగంలో వెనుకబడినా నిర్మాణం సాదాసీదాగా ఉండి పల్లెటూరి మెకానిక్ చేతికి ఇట్టే లొంగుతుంది.

విడిభాగాల విషయంలో బుల్లెట్‌దే పైచేయి. ఆ బండి దశాబ్దాల తరబడి పెద్ద మార్పులు లేకుండా తయారవడం, సంస్థ నేటికీ కొనసాగుతుండటం ఇందుకు కారణం. పాత పోత ఇనుము ఇంజన్‌కు సైతం పిస్టన్ మొదలు క్లచ్ ప్లేట్ల వరకు బజారులో లభిస్తాయి. జావాది వేరే కథ. 2018 నవంబరులో జావా, 2022 జనవరిలో యెజ్డీ పేర్లు మళ్లీ మార్కెట్‌లోకి రావడంతో పాత బండ్లకూ విడిభాగాలు దొరుకుతాయని పలువురు ఆశించారు. కొత్త బండ్లవి నీటితో చల్లబడే నాలుగు స్ట్రోకుల ఇంజన్లు. పాత వాటికీ వీటికీ పేరు తప్ప పొత్తు లేదు. పాత జావాకు నేటికీ దిక్కు చిన్న తయారీదారులు చేసే నకలు భాగాలు, విప్పిన బండ్ల నుంచి తీసిన అసలు భాగాలు మాత్రమే.

రుసుము లెక్క ఇదీ

మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనానికి తొలి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత ప్రతి అయిదేళ్లకు పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ 1కి ముందు ద్విచక్ర వాహనానికి ఈ రుసుము రూ.300. ఆ రోజు నుంచి రూ.1,000 అయింది. 2025 ఆగస్టు సవరణతో 20 ఏళ్లు దాటిన మోటారుసైకిలుకు రూ.2,000కు చేరింది. విదేశాల నుంచి దిగుమతైన ద్విచక్ర వాహనానికైతే రూ.20,000. రాష్ట్రం వసూలు చేసే హరిత పన్ను వీటికి అదనం.

రూ.2,000 అయిదేళ్లకు కాబట్టి ఏడాదికి పడే భారం రూ.400. దీనివల్ల ఎవరూ బండి వదులుకోరు. అసలు చిక్కు జాప్యంలో ఉంది. గడువు దాటిన తర్వాత ప్రతి నెలకు రూ.300 అదనంగా చెల్లించాలని నిబంధనలు చెబుతున్నాయి. ఒక్క ఏడాది ఉపేక్షిస్తే రూ.3,600. అంటే అయిదేళ్ల అసలు రుసుముకు దాదాపు రెట్టింపు. తండ్రి పేరున ఉన్న బండిని మార్పించుకోకుండా కొట్టంలో ఉంచేసిన కుటుంబాలకే ఈ దెబ్బ ఎక్కువ. యజమాని మరణిస్తే వారసుల పేరుకు మార్చుకోవాలి. అందుకు అసలు ఆర్‌సీ, మరణ ధ్రువపత్రం, మిగిలిన వారసుల అంగీకారం కావాలి. ఆర్‌సీ చెదలు తిన్నా, ఛాసిస్ నంబరు తుప్పుపట్టి చెరిగిపోయినా తిప్పలు మొదలవుతాయి. ఇంజన్ పాడైతే బాగుచేసే మెకానిక్ ఎక్కడో ఒకచోట ఉంటాడు. పోయిన కాగితాన్ని తిరిగి పుట్టించడం అంత సులువు కాదు.

వింటేజ్ హోదా అందరికీ కాదు

2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, ఇంజన్ వంటి వాటిలో పెద్ద మార్పులు చేయని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు ఈ కోవలోకి వస్తాయి. నంబరులో రాష్ట్ర సంకేతం తర్వాత ‘వీఏ’ అక్షరాలు ఉంటాయి. రిజిస్ట్రేషన్ రుసుము రూ.20,000, గడువు పదేళ్లు, ఆ పైన పునరుద్ధరణకు రూ.5,000.

వినడానికి గౌరవంగా ఉన్నా ఇందులో రెండు మెలికలున్నాయి. మొదటిది, ఈ హోదా పొందిన బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించరాదు. ప్రదర్శన, ర్యాలీ, పరిశోధన, మరమ్మతు, ఇంధనం నింపుకోవడం వంటి వాటికే అనుమతి. బండిపై పొలానికి, సంతకు వెళ్లేవారికి ఇది ఉపకరించదు. రెండోది వయసు. 1961 నాటి జావాకు అర్హత ఉంది. 1978లో వచ్చిన యెజ్డీ రోడ్‌కింగ్‌కు 2028 దాకా లేదు. 1996లో వెలువడిన చివరి బండ్లు 2046 వరకు ఆగాలి. 20 ఏళ్లకు, 50 ఏళ్లకు మధ్యనున్న బండి చట్టం దృష్టిలో వారసత్వ సంపద కాదు, వట్టి పాత వాహనమే.

మైసూరు జావా యజమాని మామూలు పద్ధతిలో పదేళ్లకు రెండుసార్లు కలిపి చెల్లించేది రూ.4,000. వింటేజ్ దారిలో రూ.20,000. కనుక అతడికి మామూలు పద్ధతే లాభం. దిగుమతైన పాత బీఎస్ఏ, ట్రయంఫ్ వంటి బండి ఉన్నవారికి మామూలు పద్ధతిలో పదేళ్లకు రూ.40,000 అవుతుంది కాబట్టి అప్పుడప్పుడు మాత్రమే బయటకు తీసేవారికి వింటేజ్ నయం. బండి ఏ దేశపు నమూనా అన్నది కాక ఎక్కడ తయారైందన్నదే ఇక్కడ ముఖ్యం.

వయసు మీరిందన్న ఒక్క కారణంతో బండిని తుక్కు చేయాలని కేంద్ర విధానం చెప్పలేదు. తనిఖీలో నెగ్గకపోతేనే ఆ పరిస్థితి. ఢిల్లీ పరిసరాల్లో వయసు ఆధారంగా విధించిన ఆంక్షలు తెలుగు రాష్ట్రాలకు వర్తించవు. ఈ తేడా తెలియక బెదిరి అయినకాడికి తెగనమ్ముకోవడం తగదు.

పెట్రోలుతో పేచీ

ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో ఆ తేమ అడుగున చేరి తుప్పుకు దారితీస్తుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలు, వాషర్లు ఉబ్బి పగులుతాయి. పెట్రోలుతో పోలిస్తే ఇథనాల్‌లో శక్తి దాదాపు మూడో వంతు తక్కువ. అందువల్ల ఇంజన్‌కు అందే మిశ్రమం పలచబడుతుంది. రెండు స్ట్రోకుల ఇంజన్‌లో మిశ్రమం పలచబడితే వేడి పెరిగి పిస్టన్ పట్టేసే అవకాశం ఎక్కువ. 2000 నాటి ఉద్గార ప్రమాణాల తర్వాత రెండు స్ట్రోకుల బండ్లు క్రమంగా కనుమరుగు కావడంతో వీటిని ఈ ఇంధనానికి సరిపడేలా మార్చి ఇచ్చే తయారీదారు లేడు. బాధ్యత యజమానిదే.

దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేయించాలి. బండిని నిలిపి ఉంచదలిస్తే కార్బొరేటర్‌ను ఖాళీ చేయాలి. ప్లగ్ రంగు తెల్లబడుతుంటే జెట్ మార్పించాలి. ఆయిల్‌ను లీటరుకు ఇంతని కొలిచి కలపాలి తప్ప అంచనాతో పోయకూడదు. పాత ఆరు వోల్టుల దీపం వెలుగు చాలదు కాబట్టి 44వ నంబరు జాతీయ రహదారిపై రాత్రి ప్రయాణం మానుకోవడం ప్రాణానికి మంచిది.

చేతిపని చేజారుతోంది

వీటన్నింటికీ మించిన కొరత ఒకటుంది. పాయింట్ల సందును చూపుతోనే పోల్చగలిగి, క్రాంకును విప్పి బేరింగు మార్చగలిగిన మెకానిక్‌లు వయసు మళ్లుతున్నారు. వారి షెడ్లలో చేరిన కుర్రవాళ్లు కంప్యూటరు తగిలించి లోపం కనిపెట్టే బండ్లపైనే పని నేర్చుకుంటున్నారు. పాత బండ్ల పనికి రోజులు పడుతుంది, కూలి గిట్టదు. బండికి లక్షలు పెట్టడానికి సిద్ధపడే అభిమానులు మెకానిక్ అడిగిన కూలి దగ్గర బేరమాడితే ఆ విద్య నిలిచే మార్గం ఉండదు. ఐటీఐల్లో పాత ఇంజన్లపై కొద్దిరోజుల శిక్షణ ఇప్పించినా, యజమానులే కలసికట్టుగా ఒక మెకానిక్‌కు నికరంగా పని కల్పించినా మేలు జరుగుతుంది.

పాత బండిని కాపాడుకోదలచినవారు చేయాల్సిన మొదటి పని కొత్త రంగు వేయించడం కాదు. ఆర్‌సీ గడువు తేదీని, అందులోని పేరును సరిచూసుకోవడం. మూడో పక్షం బీమా, కాలుష్య ధ్రువపత్రం నవీకరించుకోవడం రెండోది. ఇంజన్ సంగతి ఆ తర్వాతే. కాగితాలు సక్రమంగా ఉన్న బండి షెడ్డులో ఎన్నాళ్లున్నా ఏదో ఒకనాడు రోడ్డెక్కుతుంది. కాగితాలు లేని బండి ఎంత మెరిసినా చివరకు తుక్కు తూకానికే చేరుతుంది.