పెడలు గట్టిపడితే



కిందటి వేసవిలో కోరాపుట్‌లో పెండ్లి చూసుకొని అద్దె కారులో సాలూరు ఘాటీ దిగుతున్నాము. సుంకి దాటాక డ్రైవరు ఇంజను ఆపివేశాడు. ఎందుకని అడిగితే, "దిగుడే కదా బాబూ, ఆయిలు కలిసొస్తాది" అన్నాడు. రెండు మలుపులు బాగానే తిరిగాము. మూడవ మలుపులో బ్రేకు పెడలు రాయిలా బిగిసిపోయింది. అతడు రెండు కాళ్లతో తొక్కి, హేండ్ బ్రేకు లాగి, ఎలాగో కొండవైపు అంచున ఆపాడు. పిల్లలతో కలిపి అయిదుగురము బ్రతికి బయటపడ్డాము. అతడు నిర్లక్ష్యం గలవాడు కాడు, తెలియనివాడు. అందుకే ఈ నెల ఈ సంగతి వ్రాస్తున్నాము.

బ్రేకు పెడలుకు ముందు, ఇంజను పక్కన, గుండ్రని నల్లడబ్బా ఒకటి ఉంటుంది. అదే బ్రేకు బూస్టరు. దాని లోపల రబ్బరు పొర ఉంటుంది. ఇంజను తిరుగుతూ ఒక గొట్టం ద్వారా డబ్బాలోని గాలిని పీల్చివేస్తుంది. డీజిలు బండిలో ఈ పనికి వేరే పంపు ఉంటుంది. మనం పెడలు తొక్కగానే పొరకు ఒకవైపు బయటిగాలి చొరబడి దానిని నెట్టుతుంది. ఆ బలం మన కాలికి తోడవుతుంది. ఇంజను ఆగితే ఆ తోడు రెండు మూడు తొక్కులకే సరి.

బూస్టరు బాగున్నదా అని ఇంటి ముందే చూడవచ్చు. బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు రాళ్లు పెట్టండి.

మొదటిది: ఇంజను ఆపి, పెడలు గట్టిపడేవరకు అయిదారుసార్లు తొక్కండి. కాలు తీయకుండా ఇంజను స్టార్టు చేయండి. పెడలు కొంచెం కిందికి దిగితే బూస్టరు పనిచేస్తున్నట్టే. దిగకపోతే లోపమున్నది.

రెండవది: ఇంజను రెండు నిమిషాలు నడిపి ఆపండి. కొద్దిసేపాగి తొక్కండి. మొదటి తొక్కు మెత్తగా ఉండి, తరువాతివి గట్టిపడాలి. మొదటిదే గట్టిగా ఉంటే గాలి ఎక్కడో లీకవుతున్నది.

లోపముంటే ముందు గొట్టం చూడండి. పగిలినా, క్లిప్పు వదులైనా మార్చితే చాలు. గొట్టానికుండే వాల్వు గాలిని ఇంజను వైపుకే పోనివ్వాలి. రెండువైపులా పోనిస్తే కొత్తది వేయాలి. తొక్కినంతసేపూ బుస్సుమని శబ్దం వస్తుంటే పొర చిరిగి ఉండవచ్చు. అప్పుడు బూస్టరునే మార్చాలి. అది మెకానిక్కు పని, ఇంట్లో విప్పకండి. పెడలు మెల్లగా అడుగుకు జారిపోతుంటే అది బూస్టరు జబ్బు కాదు. మాస్టరు సిలిండరులోనో, బ్రేకు ఆయిలు లీకులోనో ఉన్నది. ఆ బండిని అసలే కదపకండి.

దారిలో పెడలు గట్టిపడితే బ్రేకు పోయిందని బెదరకండి. పదేపదే కొట్టక, ఒక్కసారే శక్తికొలది తొక్కిపట్టి, గేరు తగ్గించండి.

ఘాటీలో ఇంజను ఆపవద్దు. తక్కువ గేరులోనే దిగండి. ఈనాటి ఇంజెక్షను ఇంజన్లు గేరులో ఉండి ఏక్సిలేటరు వదిలితే ఆయిలు దాదాపు తాగనే తాగవు. మా డ్రైవరు ఆదా అయిందనుకున్నది ఏమీ లేదు. ఒడ్డినది మాత్రం అయిదు ప్రాణాలు, ఆరవది తనది.